మందు అన్నవాళ్లు రెండు బిందెలు పోయాలి

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలకు శిక్షణలో ముందుగా జీవామృతం కలపడం నేర్పిస్తారు. పేడ ఎంత, ఆవు మూత్రం ఎంత, బెల్లం ఎంత, ఎన్నిసార్లు కలియబెట్టాలి. అది ఒక పూటలో వస్తుంది. సంగటి కెలకడం వచ్చినదానికి అదొక విద్యే కాదు. ఏ మాట నోట్లోంచి రాకూడదో మాత్రం ఎవరూ నేర్పించరు. నాకూ నేర్పించలేదు. ఆ ఒక్క మాట వల్ల పద్నాలుగు మంది ఆడవాళ్లం పెంచిన తోట మా చేతుల్లోంచి పోయింది. మిగతా సంగతులన్నీ మీకు కాగితాల్లో రాసిస్తారు. ఇది రాసివ్వరు కాబట్టి నేను రాస్తున్నాను.

నా పేరు మార్తమ్మ. కమలాపురం దగ్గర పల్లె. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతి పుస్తకం కొనే బదులు మా నాయన కొడవలి కొనిచ్చాడు. కూలికి పోయాను, గుత్తకు చేశాను, ముగ్గురు పిల్లల్ని పెంచాను. మనవరాలు పుట్టినాక, ఇక ఇంటిపట్టున కూర్చుంటుందిలే అని అందరూ అనుకునే వయసులో ఈ పనిలోకి వచ్చాను. ఊళ్లో మందులు లేకుండా పంట పెట్టించడం, ఉమ్మడి తోట నడిపించడం నా పని. తొమ్మిదేళ్లు చేశాను. మోకాళ్లు వద్దన్నాయి, వయసు దాటిందని పైవాళ్లు కూడా వద్దన్నారు. దిగిపోయాను.

రాళ్ల మీద తోట

మా గుడికి ఒక ఎకరా మాన్యం ఉంది. మేము చర్చిని గుడి అనే అంటాం. నాకు తెలిసిన కాలమంతా ఆ ఎకరాలో తుమ్మచెట్లు, పగిలిన సీసాలు, మేకలు. అక్కడ కూరగాయలు పెట్టుకుంటామని పద్నాలుగు మంది ఆడవాళ్లం పోయి అడిగాం. మాలో సగం మంది మా గుడివాళ్లు, మిగతావాళ్లు రామాలయం వీధి, ఖాసింబీ ఒకతె మసీదు వీధి. అంగన్‌వాడీ పిల్లలకు రోజూ కూరకు మా తోటలోంచే ఇస్తాం, మిగిలింది మేం పంచుకుంటాం, కోత పండుగకు మొదటి బుట్ట గుడికి తెస్తాం. ఇదీ మేం చెప్పిన మాట.

గుడి పెద్ద దేవదానం. ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగినవాడు. ముత్యాల్లాంటి రాత. ఆ నేలను తన తమ్ముడి కొడుకు యేసురత్నానికి ఇప్పించి మిరప పెట్టించాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. అది ఊరందరికీ తెలుసు. మాకు కాదనడానికి ఏదో ఒక సందు వెతుకుతున్నాడు. ఆ సందు నేనే చూపించాను.

"అన్నా, ఆ నేలలో ఒక్క చుక్క పురుగుమందు పడినా, ఒక్క పిడికెడు యూరియా పడినా, ఆ పొద్దే ఎనక్కి తీసుకోండి. మేం నోరెత్తం" అన్నాను.

నలుగురిలో గొప్ప కోసం అన్న మాట. ఆయన అప్పటికప్పుడు కాగితం తెప్పించి రాశాడు. మాలో కొందరు సంతకాలు పెట్టారు, కొందరు వేలిముద్రలు వేశారు. ఆ కాగితాన్ని నేను మూడుసార్లు చదివాను. మా వంటి తక్కువ చదువువాళ్లకు ఒక మేలు ఉంది. మేం గబగబా చదవలేం. అక్షరం కింద వేలు పెట్టుకొని చదువుతాం. అందుకని ఏదీ జారిపోదు. దాని నకలు ఒకటి అడిగి తీసుకొని, కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను.

తుమ్మ మొద్దులు పీకడానికే రెండు నెలలు పట్టింది. కంచెకు వల ఇస్తామని పైవాళ్లు అన్నారు, ఎప్పుడిస్తారో చెప్పలేదు. మేకలు అంతదాకా ఆగవు. బండల ఫ్యాక్టరీవాళ్లు బయట పారేసిన పగిలిన ముక్కలు ఎద్దులబండ్ల మీద తెచ్చి, నడుము ఎత్తున వరసగా నిలబెట్టి పాతాం. ఖర్చు లేదు, చెదలు పట్టదు, ఇప్పటికీ కదల్లేదు. చెనిక్కాయ పొట్టు, ఎండుగడ్డి, పెళ్లిళ్లలో పారేసిన అరిటాకులు, ఏది దొరికితే అది నేల మీద కప్పాం. మొదటి ఏడు గోంగూర తప్ప ఏదీ సరిగా రాలేదు. మొదటి ఏడు రాదు. ఎవరైనా వస్తుందని చెప్తే వాళ్లు ఎప్పుడూ పారపట్టని మనుషులని తెలుసుకోండి. ఆ ఏడు మీ చేతులకంటే మీ చెవులకు పని ఎక్కువ. దారిన పోయేవాళ్లంతా బండల మీద చేతులు పెట్టుకొని నిలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి. నిలబడినవాళ్లకు ఒక చెంబు ఇచ్చి నీళ్లు పోయమనండి. రెండోరోజు నుంచి నిలబడరు.

మూడో ఏటికి గోరుచిక్కుడు, బీర, టమోటా, వంగ, అన్నీ వచ్చాయి. వానపాము కనిపించిన రోజు ఖాసింబీ దాన్ని అరచేతిలో పెట్టుకొని ఇల్లిల్లూ చూపించి వచ్చింది.

సారు

మా పైన ఒక సారు ఉండేవాడు. పేరు ఎందుకు. చెడ్డవాడు కాదు. ఎండలో మాతోపాటు గుంతలోకి దిగి పేడ కలిపిన మనిషి. తెలియనిది తెలియదని ఒప్పుకొనేవాడు. అయితే ఆయనకు పైనుంచి ఫొటోలు అడిగేవాళ్లు. ఫొటోల రోజు వస్తే ఆయన వేరే మనిషి. ఒకసారి నన్ను బెండచెట్ల మధ్య నిలబెట్టి, మంచి చీర కట్టుకొని రాపో మార్తమ్మా అన్నాడు.

"చెట్టును తీయండి సార్. చీర దీంట్లో కాయలేదు" అన్నాను. చివరికి ఆ పాత చీరతోనే తీశాడు.

మీకూ ఇలాంటి సారు దొరుకుతాడు. ఆయన దగ్గర పని నేర్చుకోండి. ఆయన భయం మాత్రం నేర్చుకోవద్దు.

నా తప్పు

నాలుగో ఏడు వంగ విరగకాసింది. కోత పండుగ ఇంకా పది రోజులు ఉందనగా కాయల్లో పుచ్చు కనిపించింది. వేపాకు, జిల్లేడు, ఉమ్మెత్త ఆకులు నూరి ఆవు మూత్రంలో ఉడికించి, వడగట్టి, కషాయం నీలం డ్రమ్ములో పోసి పెట్టాను. మరుసటి పొద్దున్నే కడపలో మీటింగు. బస్సు వచ్చేసింది. లక్ష్మీదేవి వాకిలి ఊడుస్తోంది. మా తోటలో కొత్తగా చేరిన పిల్ల, ఇంకా నెల కాలేదు. మొగుడూ పెళ్లామూ గుత్తకు పత్తి పెట్టేవాళ్లు. నేను బస్సు మెట్టు మీద నిలబడి కేకేసి చెప్పాను.

"అమ్మీ లక్ష్మీదేవీ, వంగచెట్లకు మందు కొట్టు. నేనొచ్చేతలికి అయిపోవాల."

"అట్లనే పెద్దమ్మా" అంది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా తోటకు పోయాను. బండల దగ్గరికి రాకముందే వాసన. పత్తి చేల గట్టు మీద నడిచినవాళ్లకు ఆ వాసన చెప్పక్కరలేదు. బీరపాదు కింద తేనెటీగలు రాలి ఉన్నాయి. వేలితో కదిపితే కదల్లేదు. గబగబా పోయి నీలం డ్రమ్ము మూత తీశాను. కషాయం పెట్టింది పెట్టినట్టే ఉంది.

లక్ష్మీదేవి పిచికారీ పంపు కడిగి ఆరబెడుతోంది. ముఖంలో పని చేసిన సంతోషం.

"యాడిది మే ఆ మందు?" అన్నాను. అప్పుడు కూడా నా నోట అదే మాట.

"మా ఇంట్లోదే పెద్దమ్మా. పత్తికి తెచ్చింది కొంచెం మిగిలుండె. ఉత్తగా యాల పారెయ్యాలని తెచ్చినా. ఏదీ దండగ చేయొద్దని నువ్వే గదా రోజూ చెప్తాండావు."

ఆ పిల్లను ఏమనాలి? మందు కొట్టమన్నాను, కొట్టింది. దండగ చేయొద్దన్నాను, చేయలేదు. రెండూ నా మాటలే.

ఇంటికి పోయి వాకిట్లో కూర్చొని ఆలోచించాను. మనవరాలికి జ్వరం వస్తే పోసేది మందు. మొగవాళ్లు సాయంత్రం తాగేది మందు. పత్తి మీద కొట్టేది మందు. తాగి చచ్చిపోయినా మందు తాగినాడు అనే అంటాం. విషానికి ఇంత మంచి పేరు ఎవరు పెట్టారో తెలియదు. అమ్మ చెంచాతో నోట్లో పోసేదానికి, చేలో తేనెటీగను చంపేదానికి ఒకటే పేరు ఉంటే ఎవరికి భయం వేస్తుంది? నాలుగేళ్లుగా ఊరంతా తిరిగి అది వద్దని చెప్పిన నేను, నా ఆకుల కషాయాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తున్నాను. తప్పు పంపులో లేదు, లక్ష్మీదేవిలో లేదు. నా నాలుక మీద ఉంది.

ఒట్టి బుట్ట

పొద్దున్నే అందరినీ తోటలో కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. అందరూ ఒక్కసారే మాట్లాడారు. పదిహేను రోజులు కోయకుండా వదిలేద్దామని ఒకరు, వాన పడితే కడిగేస్తుందని ఒకరు. లక్ష్మీదేవి బండకు ఆనుకొని ఏడుస్తోంది. తాను ఊరొదిలి అమ్మగారింటికి పోతానంటోంది. పోతే కాళ్లు విరగ్గొడతానని చెప్పి, మొక్కలు పీకడానికి రమ్మన్నాను.

ఖాసింబీ నా వయసుది. ఆమె ఒక్కతే సూటిగా అడిగింది.

"చెప్తే నేల పోతాది మార్తా."

"పోతాది. చెప్పకుంటే ఆ వంకాయలు నీ మనవరాలి పళ్లెంలో ఉంటాయి."

కొంగు నడుముకు చుట్టి మొదటి మొక్క ఆమే పీకింది. విరగకాసిన వంగచెట్లను కాయలతో సహా పీకాం. పక్కన బీరపాదు కూడా తీసేశాం. ఊరి బయట గుంత తీసి పూడ్చాం. నా పనిలో నా చేతులు అంత బరువుగా ఎప్పుడూ లేవు.

మధ్యాహ్నం సారు ఫోను చేశాడు. ఎవరు చెప్పారో ఏమో. పై ఊరినుంచి పెద్దవాళ్లు తోట చూడడానికి వస్తున్నారు, పురుగు పట్టిందని పీకామని చెప్పు, ఎక్కడా నోరు విప్పొద్దు, నీకూ మంచిది నాకూ మంచిది అన్నాడు. నేను ఒకటే అడిగాను.

"సార్, ఇంకా పూడ్చని వంకాయలు ఒక తట్ట ఉండాయి. మీ ఇంటికి పంపిద్దునా?"

ఆయన ఫోను పెట్టేశాడు.

కోత పండుగ అంటే మా గుడిలో పెద్ద పండుగ. ఎవరి చేలో పండింది వాళ్లు తెస్తారు. చెనిక్కాయలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయినాక అన్నీ వేలం వేస్తారు. మూడేళ్లుగా మొదటి బుట్ట మాదే. ఆ రోజు నేను బుట్ట తీసుకుపోయి ప్రార్థన చేసే బల్ల ముందు పెట్టాను. ఒట్టి బుట్ట. పాస్టరు అయ్యగారు దాంట్లోకి చూసి, నా ముఖంలోకి చూశాడు.

జరిగింది చెప్పాను. పెద్దగా చెప్పాను, వెనకవాళ్లకు కూడా వినబడేటట్టు. దేవదానం లేచాడు.

"ఎవరు కొట్టింది?"

"కొట్టమనింది నేను."

"అది గాదు మార్తమ్మా. ఎవరి చెయ్యి?"

"నోరు నాది అన్నా. చెయ్యి ఎవరిదైతే ఏం."

లక్ష్మీదేవి గుడి గడప బయట నిలబడి ఉంది. నోరు తెరవబోయింది. నేను ఒక్క చూపు చూశాను. మూసుకుంది.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. మీ కింద పనిచేసేవాళ్ల పేరు పదిమందిలో చెప్పి తప్పించుకుంటే, ఆ రోజు మీరు తప్పించుకుంటారు. మరుసటి రోజు నుంచి మీతో ఎవరూ నిజం చెప్పరు. నిజం చెప్పేవాళ్లు లేని తోటలో ఏం పడుతుందో మీకు తెలియదు.

ఎవరైనను

దేవదానం మాటంటే మాటే గదా అన్నాడు. మాటే, తీసుకోండి అన్నాను. ఆయన అక్కడే నిలబడి, ఇక ఆ మాన్యం తన తమ్ముడి కొడుకు చేస్తాడని చెప్పాడు. యేసురత్నం మూడో వరసలో కూర్చొని తల వంచుకొని నవ్వుకుంటున్నాడు. ముప్పై ఏళ్లవాడు, కొత్త పంపు అప్పటికే కొనిపెట్టుకున్నాడని తరువాత తెలిసింది.

నేను బియ్యం డబ్బాలోంచి తెచ్చిన కాగితం అయ్యగారి చేతికి ఇచ్చి, పెద్దగా చదవమన్నాను. ఆయన చదివాడు.

"ఈ మాన్యమునందు పంట పెట్టువారెవరైనను పురుగుమందు గాని రసాయనపు ఎరువు గాని వాడరాదు. వాడిన యెడల భూమి ఆ దినమే గుడికి స్వాధీనము కావలెను."

అది దేవదానం రాత. పద్నాలుగు మందిలో ఏ ఒక్కతీ నేను కాదు అని తప్పించుకోకూడదని ఆయన ఆలోచించి వేసిన మాట, ఎవరైనను.

"ఎవరైనను అంటే యేసురత్నం గూడా గదా అయ్యగారూ?" అన్నాను.

గుడిలో ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత చాలామంది నవ్వారు. అది ఆడవాళ్లతో రాసుకున్న కాగితం, ఈ పొద్దుతో చెల్లిపోయిందని దేవదానం అన్నాడు.

"మా పేర్లు అడుగున ఉండాయన్నా. పైనుండేది నేల పేరు. మేం పోతాండాం, నేల యాడికీ పోలేదు గదా."

అయ్యగారు నెమ్మదైన మనిషి. కాగితాన్ని మళ్లీ ఒకసారి తనలో తాను చదువుకొని, నేల ఉన్నంతకాలం ఈ మాట ఉంటుందని అన్నాడు. పెద్దలు తలలూపారు. వాళ్లందరి పిల్లలు, మనవళ్లు ఆ అంగన్‌వాడీలోనే తింటారు.

గెలిచానని నేను ఇంటికి పోలేదు. నేల పోయింది. అంగన్‌వాడీకి మళ్లీ సంతలో వాడిపోయిన కూరగాయలు వచ్చాయి. సారు కొన్ని నెలలు నన్ను మీటింగులకు పిలవలేదు, నా జీతం కాగితాల మీద సంతకం పెట్టలేదు. గంజి, ఊరగాయతో నడిపాను. చేసిన పనికి మాత్రం ఎవరి దగ్గరా తల దించలేదు.

మా ఆడవాళ్లలో కొందరు కోపంతో బండలన్నీ పీకేద్దామన్నారు. వద్దన్నాను. నీలం డ్రమ్మును దొర్లించుకుంటూ మా దొడ్లోకి తెచ్చాం. పగిలిన తొట్లలో, నూనె డబ్బాల్లో వంగనారు పోశాం. ఆ రోజే ఒక కట్టుబాటు పెట్టాను. నా దొడ్లో పురుగుకు కొట్టేదాన్ని మందు అన్నవాళ్లు బోరింగు దగ్గరికి పోయి రెండు బిందెల నీళ్లు తెచ్చి మొక్కలకు పోయాలి. విషాన్ని విషమనాలి, కషాయాన్ని కషాయమనాలి. మొదటి వారం అందరికంటే ఎక్కువ బిందెలు మోసింది నేనే. అరవై ఏళ్ల నాలుక అంత సులభంగా తిరగదు.

మూత తీయలేదు

వానలు పడగానే యేసురత్నం మిరప నాటాడు. నాలుగేళ్లు మేం మేపిన నేల, మొక్కలు బాగానే లేచాయి. తరువాత ఆకు ముడత మొదలైంది. ఒకరోజు పొద్దున వాడు కొత్త పంపు వీపుకు తగిలించుకొని వచ్చాడు. ఊరి బోరింగు ఆ బండల పక్కనే. మా వాళ్లు ఆరుగురు బిందెలు పెట్టుకొని కూర్చొని ఉన్నారు.

"ఏమప్పా యేసురత్నం, వీపుమీద ఏంది మోస్తాండావు?" అని ఖాసింబీ అడిగింది.

నీళ్లు అన్నాడు. అయితే మాకూ కొంచెం పొయ్యి, దప్పిక అవుతోంది అని దోసిలి పట్టింది. వాడు వచ్చిన దారినే పోయాడు. ఆ రోజు నుంచి బోరింగు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఎవరూ వాళ్లకు పని చెప్పలేదు.

ఇప్పుడు నా పనిలో లక్ష్మీదేవి ఉంది. నేను దిగిపోయేటప్పుడు ఆమె పేరే చెప్పాను. తేనెటీగలు రాలింది చూసిన మనిషికి ఇంకెవరూ పాఠం చెప్పక్కరలేదు. ఆమెకు ఆ పని వస్తుందని నాకు తెలిసింది మాత్రం ఆ మిరప పంట కాలంలోనే, ఒక ఉదయం మా దొడ్లో.

ఆమె డ్రమ్ము దగ్గర ఆకులు వడగడుతోంది. యేసురత్నం వచ్చి దొడ్డిగుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పులు బయటే విడిచాడు.

"పెద్దమ్మా, ఆకంతా ముడుచుకపోతాండాది. పెద్దనాయనకు చెప్తే, ఆమె కాడికే పో అన్నాడు."

నేను చేట పక్కన పెట్టి చెప్పాను. మిరప నీది, దాన్ని మేం ముట్టం. గట్ల మీద, సాళ్ల మధ్య ఈ పొద్దు నుంచే మా కూరగాయలు పెడతాం. నీ మిరప కోత అయినాక నేల మొత్తం మాది, మీ పెద్దనాయన రాసిన ఆ కాగితమే దానికీ కాగితం. మేం లోపలికి వస్తేనే కషాయం లోపలికి వస్తుంది. ఈ మాట ఆదివారం గుడిలో నువ్వే నిలబడి చెప్పాలి.

వాడు తెచ్చిన ముడుచుకున్న ఆకు ఒకటి వేళ్ల మధ్య నలిపాడు.

"సరే పెద్దమ్మా. ఆదివారం చెప్తా. ఆ మందు యాడుండాది, ఇయ్యి."

నేను నోరు తెరిచేలోపే లక్ష్మీదేవి లేచింది. రెండు ఒట్టి బిందెలు తెచ్చి వాడి కాళ్ల ముందు పెట్టింది.

"మందు ఈడ లేదప్పా. కషాయముండాది. బోరింగు కాడికి పొయ్యి నీళ్లు తెచ్చి, ఆ వంగనారుకు పొయ్యి. మొదట్లో పొయ్యాల, ఆకుల మీద గాదు."

వాడు నావైపు చూశాడు. నేను చేట అందుకొని బియ్యంలో రాళ్లు ఏరుకున్నాను. రెండు బిందెలూ మోసుకొచ్చి, వంగి, ఒక్కొక్క మొక్క మొదట్లో పోసి ఖాళీ చేసేదాకా లక్ష్మీదేవి డ్రమ్ము మూత తీయలేదు.